తెల్లగీత లేని సీసా

పోయిన వారం ఎస్తేరును మనం కిటికీ దగ్గర వదిలిపెట్టి వచ్చేశాం. చేతిలో ఖాళీ సీసా, నోట్లో మాట లేదు. పాపం, ఇంకెంతసేపని నిలబడుతుంది, ఊరికి పోయే బస్సు వేళ అవుతోంది. అయినా కొత్తగా చదివేవాళ్లు ఉంటారు కదా, వాళ్ల కోసం నాలుగు ముక్కలు వెనక్కి పోయి వద్దాం.

ఎస్తేరు పదో తరగతిలోకి రాబోయే పిల్ల. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఎర్రవంక అనే ఊళ్లో చర్చి కాలనీ వాళ్లది. వేసవి సెలవుల్లో పిల్లలు ఊరికే ఎండన పడి తిరగకుండా, ఊరూరి నీళ్లూ మన్నూ గాలీ పరీక్ష చేయడం నేర్పించే శిబిరం ఒకటి ఎమ్మిగనూరు హైస్కూల్లో పెట్టారు. సరస్వతీబాయి మేడం దాన్ని నడిపిస్తోంది. బెంచీల మీద కూర్చుని వినే చదువు కాదది. చేత్తో చేసి, కంటితో చూసి తెలుసుకోవాలి. ప్రతి పిల్లా తన ఊరి నీళ్లు సీసాలో పట్టి తెచ్చి, మందుచుక్కలు వేసి చూడాలి. గులాబీ రంగు నిలిస్తే నీళ్లు మంచివి. పసుపుకు తిరిగితే ఫ్లోరైడు ఎక్కువ. అట్లాంటి నీళ్లు తాగితే పిల్లల పళ్లకు మరకలు, పెద్దల కీళ్లకు బిగువు.

ఎస్తేరు తెచ్చిన కాలనీ బోరింగు నీళ్లు రోజాపువ్వు రంగులో నిలిచాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మేడం ఆ పిల్ల ఫలితం రాసి గీసిన పటాన్ని అన్నిటికన్నా ముందు వేలాడదీసింది. చూడవచ్చిన ఎర్రవంక సర్పంచి నాగప్ప కూడా ఆ పటం ముందు నిలబడి గడ్డం నిమురుకున్నాడు. కాలనీ బోరింగు ఇంత మంచిదైతే ఎండాకాలం టాంకరు ఎందుకు పంపాలన్నాడు. అన్నవాడు అన్నట్టే చేశాడు. మరునాటి నుంచి నీళ్ల టాంకరు కాలనీ దారి మరిచిపోయింది.

ఇక ఆ సీసా సంగతి. దాని అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లు కిటికీ ఎండకు ఇంకిపోయాయి. ఇంకిపోయిన చోట తెల్లగీత లేదు. అదీ ఎస్తేరు నోట మాట పోవడానికి కారణం. కాలనీ బోరింగు నీళ్లు చెంబులో పోయండి, లోటాలో పోయండి, ఆరిందంటే చాలు, సున్నంతో గీసినట్టు తెల్లటి గీత పేరుకుంటుంది. బూడిదేసి తోమినా పోదు, చింతపండు పెట్టి రుద్దితే ఒక పూట పోయి మళ్లీ వస్తుంది. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి ఆ గీత లేని గిన్నె ఇంట్లో చూడలేదు. ఈ సీసా మాత్రం అద్దంలా మెరుస్తోంది.

అయితే పటమెక్కిన నీళ్లు ఎవరివి?

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఎస్తేరుకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడింది. నిలబడితే కాళ్లు గుంజాయి. మళ్లీ కూర్చుంది. పక్కన కూర్చున్న పెద్దాయన, పాపా నీ సీటు కింద ఏమన్నా కుడుతోందా అని అడిగాడు కూడా. దారి పొడుగునా దున్ని వదిలేసిన నల్లరేగడి చేలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. రేపు పొద్దున శిబిరం పిల్లలంతా ఎర్రవంకకే వస్తున్నారు. ఏ ఊరి నీళ్లు పరీక్ష చేశారో ఆ ఊరి జనం ముందే నిలబడి చెప్పాలన్నది మేడం పెట్టిన నియమం. మొదట మాట్లాడవలసింది ఎస్తేరే. ఆ నీళ్లు మంచివని చెబితే టాంకరు ఇక ఎప్పటికీ రాదు. మంచివి కావని చెప్పాలంటే, సీసాలోకి వేరే నీళ్లు ఎట్లా వచ్చాయో చెప్పాలి. అది తనకే తెలియదు.

బస్సు దిగి కాలనీలోకి అడుగు పెట్టేసరికి బోరింగు దగ్గర బిందెల వరుస కనిపించింది. అంతకుముందు ఆ నీళ్లు బట్టలకూ బర్రెలకూ మాత్రమే. ఇప్పుడు తాగడానికీ అవే. చంకన బిడ్డను ఎత్తుకున్న సంతోషి, బోరింగు పిడి వదలకుండానే పలకరించింది.

"వచ్చినాదమ్మా మన గులాబీ రంగు సైంటిస్టు. ఏం మే, నీ సదువు సల్లగుండ, మా బిందెలు ఎండబెడితివి కదే."

మిగతావాళ్లు నవ్వారు. ఆ నవ్వులో విషం లేదు, అలసట ఉంది. అందుకే ఎస్తేరుకు ఇంకా గుచ్చుకుంది. తల వంచుకుని ఇంటికి పోయింది.

ఇంట్లో అవ్వ దేవక్క జొన్నరొట్టెలు తడుతోంది. రొట్టె తట్టే చప్పుడును బట్టే ఆమె మనసు ఎట్లా ఉందో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. ఆ సాయంత్రం చప్పుడు తాళం వేసినట్టు హాయిగా ఉంది. కోడలు, ఎస్తేరు అమ్మ మేరి, ఆదోనిలో జిన్నింగు మిల్లు ఊడ్చే పనికి పోయి ఇంకా రాలేదు. ఎస్తేరు సంచి కింద పెట్టకుండానే అడిగింది.

"అవ్వా, నీళ్ల సీసా తీస్కపోయిన పొద్దు, నేను జడేస్కునేటప్పుడు గడప కాడ పెట్టింటి. దాన్ని ఎవరన్నా ముట్టినారా?"

"ముట్టేదేంది, నేనే మార్చినా," అంది దేవక్క, రొట్టె తిరగేస్తూ. "ఆ నీళ్లు సూస్తే పచ్చగుండాయి, అడుగున ఇసుక. ఎట్ల పంపేదే అయ్యోరమ్మ చేతికి? కరేపాకు సెట్టుకు పోసేసి, క్యానులో ఉండే ఫిల్టరు నీళ్లు పట్టి, కొంగుతో తుడిసి పెట్టినా. నువ్వు సూస్కోనే లేదు."

అని, మెచ్చుకుంటుందేమోనని మనవరాలి వైపు చూసింది.

ఎస్తేరు అక్కడే చతికిలబడింది. ఎవరో కావాలని చేశారని, కాలనీ అంటే గిట్టనివాళ్లు చేశారని, దారి పొడుగునా ఏమేమో అల్లుకుంది. తీరా చూస్తే అవ్వ కొంగు.

దేవక్క సంగతి తెలిసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. ఆ ఇంట్లో వాళ్లు తాగేది ఏ నీళ్లయినా సరే, బయటివాళ్లకు మాత్రం బోరింగు నీళ్లు ఇచ్చి ఎరగదు. పాస్టరు వచ్చినా, టీకాలు వేసే నర్సమ్మ వచ్చినా, చీరల మూట దించుకుని అరుగు మీద కూర్చున్న ఎమ్మిగనూరు నేతాయన అయినా, ముందు మంచినీళ్లు. కోడలిగా మేరి వచ్చిన రోజున దేవక్క తెల్లవారకముందే కాలవ దాకా నడిచిపోయి కడవ నెత్తిన పెట్టుకుని వచ్చింది. తన మొగుడు పోయిన రోజు కూడా, ఏడుస్తూనే, పలకరించడానికి వచ్చినవాళ్లకు ఏ కడవలోవి ముంచి ఇస్తున్నారో ఒక కన్నేసి ఉంచింది. కాలనీలో ఎవరింట్లో పెళ్లయినా వడ్డన కాడ దేవక్క ఉండాలంటారు. ఇంటి పరువు ఇచ్చే నీళ్లలో కనబడాలంటుంది ఆమె. అందులోనూ సరస్వతీబాయి మేడం మంత్రాలయం వైపు ఆచారపు ఇంటి మనిషి. ఎక్కడికి పోయినా తన నీళ్ల సీసా తనతోనే ఉంటుంది. అట్లాంటి ఆమె చేతికి పచ్చటి నీళ్లు పంపడమా?

"ఆయమ్మ తాగేదానికి కాదవ్వా అవి," అంది ఎస్తేరు. "నీళ్లకు ఏం జబ్బుందో సూసేదానికి."

"జబ్బు సూసేదానికైతే మాత్రం? డాక్టరు కాడికి పోయేటప్పుడు నీళ్లు పోసుకొని, ఉతికిన బట్ట కట్టుకొని పోమా?"

ఎస్తేరు జరిగిన కథంతా మెల్లగా చెప్పింది. గులాబీ రంగు, పటం, నాగప్ప గడ్డం నిమురుకోవడం, టాంకరు ఆగడం. ఒకదాని వెనక ఒకటి దేవక్క చెవిన పడుతుంటే, రొట్టె తట్టే చేయి నెమ్మదించి, చివరికి ఆగిపోయింది. పెనం మీది రొట్టె మాడిన వాసన వచ్చింది. ఎవరూ తీయలేదు.

"అయితే టాంకరు నిలిపింది నేనా పాపా?"

ఎస్తేరు పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగింది.

దేవక్క మాడిన రొట్టె తీసి పక్కన పడేసి, పిండి చేతులు కడుక్కుంది. రేపు పదిమందిలో నువ్వు చెప్పవలసింది ఇదేనా అని అడిగింది. ఎస్తేరు తల ఊపింది. నవ్వుతారు, నవ్వనీలే అంది ముసలామె. అంది గానీ మొహం గోడ వైపు తిప్పుకుంది. వద్దని తిట్టినా బాగుండేది ఎస్తేరుకు. వడ్డన కాడ నిలబడ్డ దేవక్కను చూపించి, సీసాలో నీళ్లు మార్చిన ముసల్ది ఈమేనని రేపటి నుంచి పిల్లలు కూడా అనుకుంటారు. పెళ్లిళ్లలో ఆ మాట కూరలతో పాటు వడ్డిస్తారు. ఎస్తేరు లోపలికీ బయటికీ తిరిగింది. కరివేపాకు చెట్టు దగ్గర నిలబడి దాని ఆకులు తుంచింది. బోరింగు నీళ్లు తాగి తాగి దాని చివుళ్లు మాడిపోయి ఉన్నాయి.

చీకటి పడుతుండగా నాయన మారెప్ప వచ్చాడు. మారెప్ప నాగప్ప చేలల్లో ట్రాక్టరు తోలుతాడు. నీళ్ల టాంకరును లాగేదీ ఆ ట్రాక్టరే. ఎస్తేరు ఆయనకు చెంబు అందిస్తూ అడిగింది.

"నాయనా, మన కాలనీకి రాని టాంకరు ఇప్పుడు యాడికి పోతాంది?"

మారెప్ప మొహం కడుక్కుంటూ ఉన్నాడు. తిరిగి చూడలేదు. "తోలమన్న కాడికి తోలుతాండా," అన్నాడు, అంతే. రొట్టె సగం తిని లేచిపోయాడు. మామూలుగా తిన్నాక అవ్వతో ఏదో ఒక మాట అని నవ్వించకుండా లేవడు ఆ మనిషి.

గడప బయట ఆయన విడిచిన చెప్పులు ఉన్నాయి. వాటికి నల్లమట్టి అంటుకుని ఉంది. తడి మట్టి. వానచుక్క పడి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేని ఈ ఎండల్లో తడి మట్టి ఎక్కడ తొక్కాడా అని ఎస్తేరుకు ఒక్క క్షణం అనిపించింది. శిబిరంలో చేరినప్పటి నుంచి ఆ పిల్లకు మట్టిని చూస్తే ఊరికే వదిలేయడం రాదు. కానీ ఆ సాయంత్రం తలలో సీసా తప్ప ఇంకేదీ పట్టలేదు.

తెల్లవారుతూనే ఎస్తేరు కొత్త సీసా తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది. మేడం నేర్పినట్టే కాసేపు కొట్టి వదిలేసింది, ఆ నీళ్లతోనే సీసా కడిగింది, నిండా పట్టి మూత బిగించింది. దేవక్క వెంట వచ్చి అంత దూరంలో నిలబడి చూసింది. సాయం చేస్తానన్నట్టు చేతులు ముందుకు వస్తున్నాయేమో, రెండూ వెనక్కి పెట్టుకుని ఒకదానితో ఒకటి పట్టుకుంది.

ఎండ ముదరకముందే ఎర్రవంక బడి వరండాలో జనం చేరారు. శిబిరం పిల్లలు ఆటోల్లో దిగారు. సరస్వతీబాయి మేడం చెమట తుడుచుకుంటూ, తన సీసాలోంచి ఒక గుక్క తాగి, ఎస్తేరును చూసి నవ్వింది. కాలనీ ఆడవాళ్లు ఖాళీ బిందెలతోనే వచ్చి కూర్చున్నారు. నాగప్ప ముందు కుర్చీలో ఉన్నాడు. గోడకు ఆనుకుని, మెడలో తువ్వాలుతో, అందరి వెనక మారెప్ప.

ఎస్తేరు ముందుకు వచ్చింది. నమస్కారం చెప్పడం మరిచిపోయింది. రాసుకుని వచ్చిన నాలుగు మాటలు కూడా మరిచిపోయింది. ఒక గాజుగొట్టంలో కొత్త నీళ్లు పోసి మందుచుక్కలు వేసింది. కలిపి పైకెత్తి పట్టుకుంది. చూస్తుండగానే గులాబీ రంగు వెలిసి, నిమ్మకాయ పసుపుకు తిరిగింది. జనంలో చిన్న గుసగుస. మేడం కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగింది.

నాగప్ప నవ్వాడు. చెడ్డ నవ్వేమీ కాదు, తెలిసిన పిల్లను ఆటపట్టించే నవ్వే.

"ఏం పాపా, పోయిన వారం గులాబీ పూసె, ఈ వారం పసుపు పూసె. వచ్చే వారం ఏం రంగు పూస్తాయి మీ బోరింగు?"

అందరూ నవ్వారు. టాంకరు తన ఇంటి ఆవు కాదని, అడిగిన వాళ్లందరికీ పిండి పోయడానికి వీలు కాదని, అటుపక్క వీధులు కూడా నీళ్లకు ఏడుస్తున్నాయని నాగప్ప నిదానంగా చెప్పుకొచ్చాడు. ఆ మాటల్లో నిజం లేకపోలేదు. అందుకే ఎదురు చెప్పడం కష్టమయింది.

మేడం అడిగింది, మొదటి సీసా ఎట్లా తప్పయిందని.

ఎస్తేరు జనంలోకి చూసింది. ఆడవాళ్ల వరుసలో అవ్వ లేదు. ముసలామె మొహం చూపించలేక ఇంట్లోనే ఉండిపోయిందనుకుంది. గోడ వైపు తిరిగిన ఆ మొహం కళ్ల ముందు నిలిచింది. అప్పుడు నోట్లోంచి వచ్చిన మాట రాత్రంతా అనుకున్నది కాదు.

"నేనే మార్చినా మేడం. ఫిల్టరు నీళ్లు పోసినా. తప్పు నాదే."

మేడం మొహం వాడిపోయింది. ఎందుకు అని మెల్లగా అడిగింది. అబద్ధం ఆడడం అలవాటు లేని పిల్ల, ఒక్క మాట దాకా ఆలోచించుకుంది గానీ రెండో మాట దాకా ఆలోచించలేదు. గాజుగొట్టంలోని పసుపు రంగు వైపే చూస్తూ నిలబడింది.

"అదీ సంగతి," అన్నాడు నాగప్ప, కుర్చీలో వెనక్కి వాలి. "ఒకసారి మార్చిన చెయ్యి ఇంకోసారి మార్చదని ఏం నమ్మకం మేడం? ఆ పొద్దు పటం ఎక్కాలని మంచి నీళ్లు. ఈ పొద్దు టాంకరు కావాలని సెడ్డ నీళ్లు."

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. సంతోషి చంకలో బిడ్డ ఏడుపు అందుకుంది. ఎస్తేరుకు అర్థమయింది, అవ్వను కాపాడబోయి తాను ఆఖరి తలుపు కూడా మూసేసిందని. నిజం చెప్పే నోరు ఒక్కటే ఉండింది, దాన్ని అబద్ధంతో కట్టేసుకుంది.

"పాప కాదప్పా. నేను."

వెనక నుంచి వచ్చింది ఆ మాట. జనం పక్కకు జరిగారు. ఉతికిన చీర కట్టుకుని, నెత్తిన కడవతో దేవక్క వస్తోంది. ఇంట్లో దాక్కోలేదు, బోరింగు దగ్గర కడవ నింపుకుంటోంది అంతసేపూ. వరండా మెట్టు మీద కడవ దించి, ఆయాసం తీర్చుకుని, అందరికీ వినబడేలా చెప్పింది. పచ్చటి నీళ్లు అయ్యోరమ్మ చేతికి పంపడానికి మనసొప్పక మార్చినానని, పిల్లకు తెలియదని, తెలిసిందాకా ఆ పిల్ల పటం చూసుకుని మురిసిందని. ఎవరో కిసుక్కుమన్నారు. దేవక్క ఆగి, నవ్వు అయిపోయేదాకా చూసి, మళ్లీ అందుకుంది. ఆచారమున్న అమ్మ, మన నీళ్లు ముట్టి ఏమనుకుంటుందో అనుకున్నా అంది.

ఆ మాటకు సరస్వతీబాయి మేడం తన చేతిలోని నీళ్ల సీసా వైపు చూసుకుంది. చూసుకుని, చప్పుడు కాకుండా దాన్ని సంచిలో పెట్టేసింది.

దేవక్క కొంగు ముడి విప్పి ఒక లోటా తీసింది. ఇంట్లో రోజూ వాడేదే. లోపల అంచు దాకా తెల్లగీతలు, ఒకదాని మీద ఒకటి. కడవలోంచి ముంచి, రెండు చేతులతో పట్టుకుని నాగప్ప ముందుకు పోయి నిలబడింది.

"నా వయసులో ఇంటికొచ్చినోళ్లకు ఈ నీళ్లు ఇచ్చి ఎరగనప్పా. నువ్వు సర్పంచివి, పెద్దమనిషివి. ఈ నీళ్లు మంచివే అన్నావు. నీ మాట మీద ఇస్తాండా. తాగు."

నాగప్ప చుట్టూ చూశాడు. తీసుకోకపోతే అందరి ముందూ మాట పోతుంది. చేయి చాచి అందుకున్నాడు. లోటాలోని నీళ్లు పచ్చగా ఊగాయి. సంతోషి బిడ్డను ఊరుకోబెట్టడం మరిచిపోయి చూస్తోంది. ఆయన లోటాను మెల్లగా పెదవుల దాకా ఎత్తాడు.

"అన్నా, దించు దాన్ని."

గోడకు ఆనుకున్న మారెప్ప ముందుకు వచ్చాడు. మెడలోని తువ్వాలు తీసి చేతిలో నలుపుతున్నాడు. యజమాని ముందు ఆయన అంత నిటారుగా నిలబడడం ఎస్తేరు ఎప్పుడూ చూడలేదు.

"తాగద్దన్నా. అమ్మా, నువ్వూ ఇయ్యద్దు. మన టాంకరు యాడికి పోతాందో, నేను సెప్తా."

నాగప్ప చేతిలో లోటా అట్లాగే ఆగింది. ఆయన మొహంలో ఆటపట్టించే నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. ఎస్తేరు మాత్రం వాళ్లిద్దరి మొహాలూ చూడడం లేదు. నాయన కాళ్ల వైపు చూస్తోంది. ఆ చెప్పులకు ఈ పొద్దు కూడా నల్లమట్టి, పచ్చి తడి ఆరకుండా అంటుకుని ఉంది.